రోమ్‌లో గోధుమ అంటకుండా, మాంసం ముట్టకుండా తినడం

సీలియాక్, అంటే గోధుమ లాంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడని పేగు జబ్బు, ఉన్నవాళ్లు ఇటలీ పేరు వినగానే జంకుతారు. పాస్తా, పిజ్జా, బ్రెడ్డు తప్ప అక్కడ తినడానికి ఏముంటుందని వాళ్ల భయం. నిజానికి గ్లూటెన్ పడనివాళ్లకి ఇంత సుళువైన ఊరు దొరకడం కష్టం. చిక్కు వేరే చోట ఉంది. గ్లూటెన్ పడకపోవడానికి శాకాహారం తోడైతే, అదీ గుడ్డు కూడా ముట్టని శాకాహారమైతే, ఆ సుళువు సగానికి సగం తగ్గిపోతుంది. మనవాళ్లలో ఈ రెండూ కలిసినవాళ్లు తక్కువేం కాదు. ఈ లెక్కంతా వాళ్ల కోసమే.

ఇటలీలో సీలియాక్ రోగుల సంఘం ఏఐసీ 1979 నుంచి పనిచేస్తోంది. 2005లో వచ్చిన 123వ నంబరు చట్టం సీలియాక్‌ని సామాజిక వ్యాధిగా గుర్తించింది. బడుల్లో, ఆసుపత్రుల్లో, ప్రభుత్వ క్యాంటీన్లలో అడిగినవాళ్లకి గ్లూటెన్ లేని భోజనం పెట్టి తీరాలని చెప్పింది. గ్లూటెన్ లేని సరుకులు కొనుక్కోవడానికి రోగులకి ప్రభుత్వం నెలనెలా కొంత మొత్తం ఇస్తుంది. 2018 నాటి పట్టిక ప్రకారం 18 నుంచి 59 ఏళ్ల మగవాళ్లకి 110 యూరోలు, ఆడవాళ్లకి 90 యూరోలు. పిల్లలందరికీ సీలియాక్, టైప్ 1 డయాబెటిస్ పరీక్షలు చెయ్యాలంటూ 2023లో ఇంకో చట్టం కూడా తెచ్చారు. నాలుగు రోజులు తిరిగి వచ్చేవాళ్లకి ఇదంతా ఎందుకంటే, ఈ చట్టాల వల్లే మందుల షాపులో కూడా గ్లూటెన్ లేని బిస్కెట్లు దొరుకుతాయి. 'సోనో చెలియాకో' (ఆడవాళ్లయితే 'చెలియాకా'), అంటే నాకు సీలియాక్ ఉంది అనగానే వెయిటరు తెల్లమొహం వెయ్యడు. 'డైటింగా అండీ?' అని అడిగే రకం అక్కడ బాగా తక్కువ.

పడనిది గ్లూటెనా, గోధుమా?

ఇది బయల్దేరకముందే తేల్చుకోవాలి. సీలియాక్ వాళ్లకి పడనిది గ్లూటెన్. అది గోధుమలో, బార్లీలో, రై అనే ధాన్యంలో ఉంటుంది. గోధుమ ఎలర్జీ వాళ్లకి పడనిది గోధుమే, దానిలోని ఏ ప్రొటీన్ అయినా కావచ్చు. యూరోపియన్ యూనియన్ రూలు ప్రకారం 'సెంత్సా గ్లూతినె' (గ్లూటెన్ లేనిది) అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములకి మించి గ్లూటెన్ ఉండకూడదు. మన దేశంలో కూడా హద్దు ఇదే. అయితే ఆ మాట గోధుమ లేదని చెప్పడం లేదు, గ్లూటెన్ లేదని మాత్రమే చెబుతోంది.

అక్కడి గ్లూటెన్ లేని పిజ్జా పిండి మిశ్రమాల్లో చాలావాటిలో గ్లూటెన్ తీసేసిన గోధుమ స్టార్చ్ కలుపుతారు. ప్యాకెట్ మీద 'అమిదో ది ఫ్రుమెంతో దెగ్లూతినాతో' అని ఉంటుంది. పిజ్జా అంచు పొంగి, మచ్చలు మచ్చలుగా కాలి, అసలు పిజ్జాలా కనబడటానికి కారణం అదే. సీలియాక్ వాళ్లు దాన్ని నిశ్చింతగా తినొచ్చు. గోధుమ ఎలర్జీ ఉన్నవాళ్లకి మాత్రం అదే ముప్పు. 'గ్లూటెన్ ఫ్రీ అన్నారుగా' అని తినేసి గొంతు వాచిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి వాళ్లు 'అల్లెర్జికో అల్ ఫ్రుమెంతో' అనే చెప్పాలి. ఎలర్జీ ముదిరితే వేసుకునే ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ జేబులో ఉండాలి, అత్యవసర సాయానికి 112 నంబరు గుర్తుండాలి.

ప్యాకెట్ల సంగతికొస్తే పని తేలిక. చట్టం చెప్పిన 14 రకాల ఎలర్జీ పదార్థాలని ముద్దక్షరాల్లోనో వేరే రంగులోనో చూపించాలి. ఫ్రుమెంతో అంటే గోధుమ, ఓర్జో బార్లీ, సెగాలె రై, అవేనా ఓట్స్. ఫార్రో, కాముత్ అన్నవి గోధుమ జాతులే. పాతకాలపు ధాన్యమని, ఆరోగ్యమని ఎంత చెప్పినా సీలియాక్ వాళ్లు వాటి జోలికి పోకూడదు.

మడి తెలిస్తే సగం తెలిసినట్టే

గ్లూటెన్ ఒక వంటలోంచి ఇంకోదానికి ఎలా అంటుకుంటుందో విదేశీ పుస్తకాల్లో పేజీలకి పేజీలు రాస్తారు. మనకి అంత అక్కర్లేదు. అమ్మమ్మ మడి కట్టుకుని వండే రోజుల్లో వంటింట్లోకి ఏ గరిటె రావాలి, ఏ గుడ్డ తగలకూడదు అని ఎంత పట్టింపుగా ఉండేదో గుర్తు తెచ్చుకుంటే చాలు. గోధుమ పిండి ముట్టిన చెయ్యి, గరిటె, నూనె, నీళ్లు అన్నీ అంటు కిందే లెక్క. వేడి చేస్తే పోతుందనుకోకూడదు, గ్లూటెన్ సూక్ష్మజీవి కాదు చచ్చిపోవడానికి. నూనె ఎంత మరిగినా అది అందులోనే ఉంటుంది.

ఈ లెక్కన చూస్తే రోమ్‌లో తినే చోట్లు నాలుగు మెట్లుగా కనబడతాయి. అన్నిటికన్నా పైమెట్టు గ్లూటెన్ అసలు గడప దాటి రాని వంటిళ్లు. ఈ కోవలో పాంథియోన్‌కి దగ్గర్లో, లార్గో అర్జెంతీనా పక్కనున్న పందలీ చెప్పుకోదగ్గది. నిలబడి తినేసి వెళ్లే రకం, మధ్యాహ్నానికి బాగుంటుంది. రాత్రి తీరిగ్గా కూర్చుని తినే చోటు మాత్రం కాదు. రెండో మెట్టు గోధుమ వంటిల్లు ఒకటి, గ్లూటెన్ లేని వంటిల్లు ఇంకోటి పెట్టుకున్న హోటళ్లు. త్రాస్తేవెరె పేటలోని మామా ఈట్ ఈ తరహాకి పేరుపడింది. కుటుంబంలో ఒకరికే సీలియాక్ ఉంటే ఇలాంటి చోటే అందరికీ హాయి. మిగతావాళ్లు త్యాగాలు చెయ్యక్కర్లేదు, వాళ్ల ముందు మీరు సలాడ్ నములుతూ కూర్చోనక్కర్లేదు.

మూడో మెట్టు ఏఐసీ జాబితాలోని మామూలు హోటళ్లు. సంఘం వాళ్లే వంటవాళ్లకి శిక్షణ ఇచ్చి, మధ్యమధ్యలో తనిఖీ చేస్తారు. తలుపు మీద స్టిక్కరు ఉంటుంది. వాళ్ల ఫోను యాప్‌లో మ్యాపు మీద వెతుక్కోవచ్చు, యాత్రికుల కోసం కొద్దిరోజుల చందా కూడా ఉంది. పైసలకి వెనకాడకుండా తీసుకోవాల్సినది ఇదొక్కటే. నాలుగో మెట్టు మెనూలో ఫలానా వంటల పక్కన గోధుమ కంకి గుర్తో, రెండు పొడి అక్షరాలో వేసి ఊరుకునే హోటళ్లు. దిగుతూ దిగుతూ కనబడేవి ఎక్కువగా ఇవే. అన్నీ చెడ్డవని కాదు, కానీ ఆ గుర్తు పదార్థాల గురించి మాత్రమే చెబుతుంది, వంటింటి గురించి చెప్పదు. కొన్నిచోట్ల కింద సన్నటి అక్షరాల్లో 'సీలియాక్ రోగులకి తగదు' అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. దాన్ని చదవకుండా ఆర్డరిస్తే తప్పు మనదే.

గంజి గరిటె కథ

మధ్యరకం త్రాత్తోరియా, అంటే ఇంటి తరహా చిన్న హోటలు, వంటిల్లు ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. స్టవ్ పక్కన స్టీలు తొట్టి, నిండా ఉప్పునీళ్లు, అందులో పొడుగు కాడల జాలీ బుట్టలు నాలుగో ఆరో వేలాడుతుంటాయి. ఒక బుట్టలో రిగతోని, పక్కదాంట్లో స్పగెత్తి. మధ్యాహ్నం పన్నెండున్నరకి మొదలైన మరుగు మూడింటిదాకా ఆగదు. మధ్యమధ్యలో నీళ్లు కలుపుతారు తప్ప పూర్తిగా మార్చరు. రెండయ్యేసరికి ఆ నీళ్లు పలచటి గంజిలా తెల్లబడతాయి. మనం పారబోసే ఆ గంజే రోమ్ వంటకి ప్రాణం. కాచో ఎ పేపే అనే పాస్తాలో ఉండేది తురిమిన పెకొరీనో ఛీజు, దంచిన మిరియాలు, ఆ గంజి, అంతే. ఛీజు ఉండకట్టకుండా చిక్కటి పాకంలా మారేది గంజిలోని పిండి వల్లే.

ఇప్పుడు మీరు గ్లూటెన్ లేని పాస్తా అడిగారు. మంచి వంటవాడు వేరే గిన్నె తీసి, కొత్త నీళ్లు పోసి, మొక్కజొన్న, బియ్యం పిండితో చేసిన పాస్తా ఉడికిస్తాడు. ఇంతవరకు బాగుంది. తర్వాత పెనంలో ఛీజు కలిపేటప్పుడు, చెయ్యి అలవాటుగా పెద్ద తొట్టిలోకి పోతుంది. ఒక్క గరిటె గంజి. వేరే గిన్నె పడ్డ శ్రమంతా ఆ గరిటెతో గంగలో కలిసినట్టే. వాడికి చెడు ఉద్దేశం ఏమీ లేదు. 'వేరే గిన్నె' అన్న మాట వాడికి గుర్తుంది, సాస్‌లో కలిసే నీళ్లు కూడా నీళ్లేనన్న సంగతి ఆ హడావుడిలో తట్టలేదు.

అందుకే రెండు ప్రశ్నలు అడగాలి. 'పెంతోలా సెపరాతా?' అంటే వేరే గిన్నేనా అని. 'ఎ లాక్వా పెర్ లా సాల్సా?' అంటే మరి సాస్‌లో కలిపే నీళ్లో అని. రెండో ప్రశ్నకి వెయిటరు ఒక్క క్షణం ఆగి లోపలికి వెళ్లి కనుక్కొని వస్తే మంచి గుర్తు. ఠక్కున 'సీ, సీ, తుత్తో ఓకే' (అవునవును, అంతా ఓకే) అనేస్తే అంత మంచిది కాదు. ఇంకో గుర్తు సమయం. కొత్తగా నీళ్లు మరగాలి, పాస్తా ఉడకడానికి ఎనిమిది పది నిమిషాలు పట్టాలి. 'ఇరవై నిమిషాలు పడుతుంది, పర్వాలేదా?' అని ముందే చెప్పిన హోటలుని నమ్మొచ్చు. ఆరు నిమిషాల్లో ప్లేటు ముందుకొచ్చిందంటే అది ఏ నీళ్లలో ఉడికిందో అడిగి మరీ తినాలి. వచ్చే ప్లేటుకి చిన్న జెండాయో, వేరే రంగు ప్లేటో వాడే చోట్లు ఇంకా నయం.

బల్ల మీద కూడా రెండు ముప్పులు. కూర్చోగానే పెట్టే బ్రెడ్డు బుట్ట ఒకటి, దాని పొడి బల్లంతా రాలుతుంది. తీసెయ్యమనండి, మొహమాటం అక్కర్లేదు. రెండోది తురిమిన ఛీజు గిన్నె. పక్క బల్లల మీద పాస్తా ప్లేట్లని తాకిన చెంచానే అందులో ఉంటుంది.

వేపుళ్ల దగ్గర మాత్రం బేరాల్లేవు. సుప్లీ అనే అన్నం ఉండలకి పైన బ్రెడ్డు పొడి, గుమ్మడి పువ్వులకి గోధుమ జారు పిండి, రెండూ ఒకే నూనెలో వేగుతాయి. యూదుల పేటలో దొరికే కార్చోఫి అల్లా జుదియా, అంటే పూలలా విచ్చుకునేలా వేయించిన ఆర్టిచోక్, మామూలుగా పిండి లేకుండానే చేస్తారు. చూడగానే నోరూరుతుంది. కానీ అది వేగిన నూనెలో ఇంకేం వేగిందన్నదే ప్రశ్న. విడి మూకుడు ఉందని చెబితే తప్ప వదిలెయ్యాలి. దాని బదులు అల్లా రోమానా అడగండి. పుదీనా, వెల్లుల్లి కూరి, నూనెలో నీళ్లలో మగ్గబెట్టేది. పైగా శాకాహారం.

శాకాహారం అనే రెండో వడపోత

గ్లూటెన్ వడపోత దాటినదంతా ఇప్పుడు శాకాహారం వడపోతలో పడుతుంది. రోమ్ వాళ్లు గర్వంగా చెప్పుకునే నాలుగు పాస్తాల్లో కార్బొనారా, అమత్రిచానా, గ్రిచా మూడింటిలోనూ గ్వాంచాలె, అంటే పంది దవడ మాంసం ఉంటుంది. నాలుగోది పైన చెప్పిన కాచో ఎ పేపే. చూడ్డానికి శాకాహారమే. కానీ అసలైన పెకొరీనో రోమానోని గొర్రెపిల్ల కడుపులోంచి తీసే రెన్నెట్‌తో గడ్డకట్టిస్తారు, పర్మిజానోకి దూడ రెన్నెట్. గ్రానా పదానోలో దూడ రెన్నెట్‌తో పాటు గుడ్డు నుంచి తీసిన లైసోజైమ్ కూడా ఉంటుంది, లేబుల్ మీద 'లిసోజీమా ద ఉవోవో' అని కనబడుతుంది. ఇవన్నీ పట్టించుకోనివాళ్లకి రోమ్‌లో తిండికి కొదవ లేదు. పట్టించుకునేవాళ్లు 'సెంత్సా ఫొర్మాజో' అని చెప్పి ఛీజు లేకుండానే తినడం మేలు. హోటల్లో కూర్చుని రెన్నెట్ గురించి వాదించడం వల్ల పెద్ద ప్రయోజనం ఉండదు, వాళ్లకి ప్యాకెట్ చూసేంత తీరిక ఉండదు. సూపర్ మార్కెట్లో అయితే 'కాల్యో వెజెతాలె' (మొక్కల రెన్నెట్) లేదా 'మిక్రోబికో' (సూక్ష్మజీవుల రెన్నెట్) అని రాసిన ఛీజు వెతుక్కోవచ్చు.

మనకి నప్పే పాస్తా పెన్నె అల్లరబ్బియాతా. టమాటా, వెల్లుల్లి, ఎండుమిరపకాయ, ఆలివ్ నూనె. గుడ్డు లేని డ్రై పాస్తాతో చేస్తారు, ఛీజు వద్దంటే మానేస్తారు, కారం పెంచమంటే సంతోషంగా పెంచుతారు. గ్లూటెన్ లేని పెన్నె చాలా హోటళ్లలో ఉంటుంది. రోమ్‌లో ఏం తోచకపోతే ఇది. చేత్తో చేసిన తాజా పాస్తాలో గుడ్డు ఉంటుంది. గ్లూటెన్ లేని తాజా పాస్తాలో మరీ ఎక్కువ, పిండిని పట్టి ఉంచేది అదే కాబట్టి. గ్లూటెన్ లేని బ్రెడ్డు, కేకులు కూడా అంతే, గుడ్డు తెల్లసొన లేనిది వెతుక్కోవాలి. న్యోక్కి అనే ఉడికించిన చిన్న ఉండలు పేరుకి బంగాళదుంపే అయినా గోధుమ పిండి కలుపుతారు.

రిసోత్తో చూస్తే అన్నమే కదా అనిపిస్తుంది. అది ఉడికేది బ్రోదోలో. అది మాంసం ఉడికించిన నీళ్లన్నా కావచ్చు, క్యూబు కరిగించిన నీళ్లన్నా కావచ్చు. క్యూబుల్లో గ్లూటెన్ ఉండే రకాలూ ఉన్నాయి. 'బ్రోదో వెజెతాలె?' అన్న ఒక్క ప్రశ్నతో రెండు వడపోతలూ తెగవు, క్యూబు ఏదో కూడా అడగాలి. పొలెంతా, అంటే మొక్కజొన్న రవ్వ సంకటి, మంచిదే కానీ రోమ్‌లో అది చలికాలపు వంట. ఎక్కువగా మాంసం కూరతోనే వస్తుంది.

అసలు మనవాళ్ల కడుపు నింపేది మెనూలో చివర్న కనబడే కొంతోర్ని, అంటే పక్క కూరలు. చికోరియా రిపస్సాతా మన తోటకూర వేపుడికి దగ్గరి చుట్టం. ఉడికించిన చేదు ఆకుకూరని నూనె, వెల్లుల్లి, మిరపకాయతో మళ్లీ తిప్పుతారు. దాన్ని 'కొత్త పెనంలో' తిప్పమనాలి. పుంతరెల్లె అనే చలికాలపు సలాడ్ చూడ్డానికి పచ్చగా అమాయకంగా ఉంటుంది, దాని డ్రెస్సింగులో ఆలీచి, అంటే ఉప్పు చేపలు నూరి కలుపుతారు. 'సెంత్సా ఆలీచి' అంటే సలాడ్ చప్పగా వస్తుంది కానీ తినొచ్చు. చిక్కుడు గింజల కూరలో పంది తోలు ముక్కలు, వేయించిన బంగాళదుంపల్లో మాంసం కారిన కొవ్వు ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అందుకే 'వెజెతారియానో' అన్న ఒక్క మాట చాలదు. 'నియెంతె కార్నె, నియెంతె పేషె, నియెంతె ఉవోవా' అని మాంసం, చేప, గుడ్డు మూడూ విడివిడిగా చెప్పాలి.

ఇందులో ఒక దారి చాలామందికి తట్టదు. యూదుల పేటలోని కోషర్, అంటే యూదుల ఆహార నియమాలు పాటించే హోటళ్లలో మాంసం వంటిల్లు, పాల వంటిల్లు ఎప్పుడూ కలవవు. పాల వంటలు పెట్టే కోషర్ హోటల్లో మాంసం అన్నది గడప తొక్కదు. చేప ఉంటుంది, గోధుమ ఉంటుంది, కాబట్టి గ్లూటెన్ ప్రశ్నలు అన్నీ అడగాల్సిందే. కానీ గిన్నెలకి మాంసం అంటిందా అన్న దిగులు తీరుతుంది. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సూర్యాస్తమయం దాకా మూసి ఉంటాయి, ఆ లెక్కన వెళ్లాలి.

పిజ్జా, ఐస్‌క్రీమ్, కాఫీ

పిజ్జా దగ్గర అడగాల్సింది పిండి గురించి కాదు, పొయ్యి గురించి. గ్లూటెన్ లేని పిండి ముద్ద విడిగా ప్యాకెట్లో వస్తుంది, దానికి చాలాచోట్ల రెండు మూడు యూరోలు ఎక్కువ వేస్తారు. కానీ రోజంతా గోధుమ పిండి చల్లుకుంటూ పిజ్జాలు సాగదీసే బల్ల పక్కనే దాన్ని సాగదీసి, అదే పొయ్యి రాయి మీద కాలిస్తే ప్రయోజనమేముంది? గాల్లో ఎగిరే పిండి సంగతి సరే సరి. వేరే పొయ్యి, లేదా కనీసం మూతపెట్టిన విడి పళ్లెంలో కాల్చే పద్ధతి, వేరే కట్టర్, ఈ మూడూ ఉంటేనే కూర్చోండి. వీధిలో ముక్కలు కోసి తూకానికి అమ్మే పిజ్జా షాపులు ఎంత ఊరించినా వద్దు. అన్నీ ఒకే కత్తెరతో కోస్తారు. శాకాహారులకి మరినారా శుభ్రమైన ఎంపిక: టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఛీజు లేదు.

జెలాతో, అంటే ఇటలీ ఐస్‌క్రీమ్ విషయంలో రోమ్ ఉదారం. ఫాతామొర్గానా దుకాణాల్లో అన్ని రుచులూ, కోన్లు కూడా గ్లూటెన్ లేనివే. అందరిలాగే కోన్ పట్టుకుని నడిచే సుఖం సీలియాక్ పిల్లలకి అరుదుగా దక్కేది, అది ఇక్కడ దక్కుతుంది. గుడ్డు, పాలు, గింజల గురించి మాత్రం రుచి రుచికీ అడగాలి. మామూలు దుకాణాల్లో అయితే కప్పు తీసుకోండి, కోన్ వద్దు. బిస్కెట్ ముక్కలున్న రుచి పక్కనున్న డబ్బా వద్దు. లోపలి నుంచి కొత్త డబ్బా తీసి, కడిగిన గరిటెతో వెయ్యమనాలి. క్యూ పొడుగ్గా ఉన్న సాయంత్రం ఎవరూ అంత ఓపిగ్గా చెయ్యరు. మధ్యాహ్నం పన్నెండు లోపు వెళ్తే తాజా డబ్బాలు అప్పుడే పెడుతుంటారు. పండ్ల సొర్బెత్తోలో పాలు, గుడ్డు ఉండకపోవడం మామూలే, అయినా అడగడం మంచిది.

కాఫీ దగ్గర ఎవరూ ఊహించని ఉచ్చు ఒకటుంది: కఫే ద ఓర్జో, బార్లీ కాఫీ. కొన్ని బార్లలో దాన్ని మామూలు కాఫీ దించే పిడి చెంచాతోనే, అదే మిషన్లో తీస్తారు. 'ఓర్జో ఫాతె?' అని అడిగి, అది విడి మిషన్లో తీస్తున్నారో లేదో చూసుకోండి. పొద్దున కొర్నెత్తో అనే తీపి బన్ను బదులు చాలా బార్లలో కవర్లో సీలు చేసిన గ్లూటెన్ లేనిది ఉంటుంది. దాన్ని కవరుతోనే వేడి చేసి, కవరుతోనే ఇమ్మనాలి. ప్రేమగా విప్పి, మిగతావి పట్టుకున్న పటకారుతో ప్లేట్లో పెడితే సీలు ఎందుకు వేసినట్టు?

విమానం, బస, సంచిలో సరుకులు

విమానంలో తిండి కోడ్లు ఒకదానికొకటి కలవవు. గ్లూటెన్ లేని భోజనం జీఎఫ్‌ఎంఎల్, అందులో కోడికూరో చేపో రావచ్చు. హిందూ శాకాహారం ఏవీఎంఎల్, అందులో చపాతీ, గోధుమ రవ్వ ఉప్మా రావచ్చు. రెండూ కలిపి పెట్టమంటే టికెట్ సిస్టమ్ ఒప్పుకోదు. పండ్ల పళ్లెం ఎఫ్‌పీఎంఎల్ ఒకటే రెండు షరతులకీ సరిపోతుంది. ఆకలి తీరదు కానీ ప్రమాదం లేదు. ప్రయాణానికి రెండు రోజుల ముందే చెప్పి, మిగతాది ఇంటి నుంచి పట్టుకెళ్లడం నయం.

పట్టుకెళ్లేవాటిలోనే మన దొంగ ఒకడున్నాడు: ఇంగువ. డబ్బాలో దొరికే పొడి ఇంగువలో మైదానో గోధుమ పిండినో కలిపి ఉంటుంది, లేబుల్ చూడండి. అది పడిన పులిహోర పేస్టు, కారప్పొడి, ఊరగాయ అన్నీ సీలియాక్ వాళ్లకి నిషిద్ధం. ఇంగువ లేకుండా చేసిన పొడులు తీసుకెళ్లాలి. జొన్న రొట్టెలు నిలవ ఉంటాయి కదా అని తెచ్చుకునేవాళ్లు ఆ జొన్నలు ఏ పిండిమరలో పట్టించారో ఆలోచించుకోవాలి. ముందు గోధుమలు పట్టిన మర అయితే అంటు తప్పదు. అటుకులు, బియ్యపు నూక, ఇంట్లో వేయించిన శనగలు క్షేమం. నెయ్యి, పన్నీరు, కోవా లాంటి పాల పదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి ప్రయాణికులు తీసుకురాకూడదు. పచ్చి కరివేపాకు కూడా ధ్రువపత్రం లేకుండా రానివ్వరు. పండ్లలో అనాస, కొబ్బరికాయ, అరటి, ఖర్జూరం, దురియన్‌లకి మాత్రమే ఆ పత్రం అక్కర్లేదు.

బస విషయంలో తీర్పు సూటిగా చెప్పొచ్చు. మూడు రాత్రుల కన్నా ఎక్కువ ఉంటే వంటిల్లున్న అపార్ట్‌మెంటు, తక్కువైతే హోటలు. అపార్ట్‌మెంటులో గిన్నెలు కడిగేసుకోవచ్చు, కానీ చెక్క గరిటెలు, గీతలు పడిన నాన్‌స్టిక్ పెనం, పాస్తా వార్చే చిల్లుల గిన్నె, టోస్టర్, గిన్నెలు తోమే స్పాంజి, ఈ ఐదింటినీ ముట్టుకోకూడదు. ముఖ్యంగా చిల్లుల గిన్నె. ఒక్కో చిల్లులో ఎండిన పాస్తా పొర అంటుకుని ఉంటుంది, ఎంత తోమినా పోదు. మడత పెట్టుకునే సిలికాన్ చిల్లుల గిన్నె, కొత్త స్పాంజి పెట్టెలో పడేసుకుంటే ఆ గొడవ ఉండదు. హోటలైతే పొద్దుటి టిఫిను గురించి ఈమెయిల్లో ముందే రాయండి. గ్లూటెన్ లేనివి వచ్చినా, బల్ల మీది జామ్ గిన్నెలో బ్రెడ్డు పొడి కనబడుతూనే ఉంటుంది. చిన్న సీలు డబ్బాల జామే తీసుకోవాలి.

ఎక్కడ దిగాలంటే, తెర్మిని స్టేషన్ దగ్గర ఎస్క్విలీనో చుట్టుపక్కల ఇళ్లు చవక. నువోవో మెర్కాతో ఎస్క్విలీనో అనే కప్పున్న బజారు నడకదూరంలో ఉంటుంది. బాస్మతి, కందిపప్పు, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర అన్నీ దొరుకుతాయి, దక్షిణాసియా వ్యాపారులు చాలామంది ఉన్నారు. విడిగా బస్తాల్లో పోసి అమ్మే పప్పులు వద్దు, ఒకే చేట ఎన్ని బస్తాల్లో పడిందో తెలీదు. సీలున్నవే కొనాలి. ఆ వీధుల్లోని ఇండియన్ హోటళ్లని చూసి ప్రాణం లేచి వస్తుంది, కానీ పప్పులో ఇంగువ, తందూర్లో నాన్, సమోసా వేగిన నూనె మూడూ అడ్డమే. ప్రాతీ వైపు, ఒత్తావియానో మెట్రో చుట్టూ, అద్దె ఎక్కువ, వీధులు ప్రశాంతం, వాటికన్‌కి దగ్గర. వృద్ధులు వెంట ఉంటే అదే మేలు. త్రాస్తేవెరెలో తిండి బాగుంటుంది, రాత్రి నిద్ర ఉండదు, మెట్రో లేదు.

వేళలు మాత్రం ముందే చూసుకోవాలి. హోటళ్ల వంటిళ్లు మధ్యాహ్నం మూడింటికి ఆగి, రాత్రి ఏడున్నరకి గానీ మళ్లీ వెలగవు. ఆ మధ్యలో తెరిచి ఉండేవి ఎక్కువగా యాత్రికుల కోసం పెట్టినవే, వాటిలో మొదటి రెండు మెట్లవి తక్కువ. ఆదివారం ఎస్క్విలీనో బజారు మూత. ఆగస్టు 15 ఫెర్రగోస్తో చుట్టూ రెండు వారాలు మంచి మంచి చిన్న హోటళ్లే తాళాలేసుకుని సముద్రానికి పోతాయి, కాబట్టి ఆ నెలలో వెళ్లేవాళ్లు ఫోన్ చెయ్యకుండా ఏ అడ్రసునీ నమ్ముకోవద్దు. ఎక్కడా దొరక్క రాత్రయిపోతే పచ్చ శిలువ దీపం వెలిగే ఫార్మసీ ఒకటి తెరిచి ఉంటుంది, లోపల గ్లూటెన్ లేని అర ఉంటుంది. సంచిలో అటుకుల పొట్లం ఉంటే అదీ అక్కర్లేదు. వీధి మూలల్లో ఆగకుండా కారే నసోనె కుళాయిలు ఊరంతా సుమారు రెండున్నర వేలున్నాయి. ఆ నీళ్లు మంచినీళ్లే. గిన్నెలో అటుకులు పోసి పట్టి, కారప్పొడి చల్లుకోవడమే.